ముసురు పట్టిన రోజుల్లో ఇంటిని పొడిగా ఉంచుకోవడం ఎలా

నాలుగు రోజులు వరుసగా ఎండ పొడ కనిపించకపోతే ఇంట్లో ముందుగా మారేది మనుషుల మాటతీరు. మొన్న ఆరేసిన తువాలు ఇవాళ కూడా చల్లగా చేతికి తగులుతుంది. పడకగది తలుపును భుజంతో నెడితే గాని పడదు, పడ్డాక గట్టిగా లాగితే గాని రాదు. బీరువా తెరవగానే ముక్కిపోయిన వాసన ముఖానికి కొడుతుంది, తుడిచిన నేల గంట గడిచినా ఆరక దాని మీద అడుగుల అచ్చులు పడుతూనే ఉంటాయి. వీటిలో ఏ ఒక్కటీ పెద్ద కష్టం కాదు గనుక ఎవరూ కూర్చుని ఆలోచించరు. తడి తువాలు మంచం మీద ఎవరు పడేశారని, కిటికీ ఎవరు తెరిచి వదిలేశారని ఒకరి మీద ఒకరు విసుక్కుంటూ రోజులు వెళ్లదీస్తారు. నేను కూడా చాలా ఏళ్లు అలాగే గడిపాను. ఒక వానాకాలంలో గోడకు ఆనించి ఉన్న బీరువాను జరిపి చూస్తే, దాని వెనుక గోడ మీద సరిగ్గా బీరువా కొలతకే నల్లటి బూజు చుక్కలు పరుచుకుని ఉన్నాయి. చుట్టూ ఉన్న గోడంతా శుభ్రంగా ఉంది. పైనుంచి నీరు కారిన జాడ లేదు, పక్కన పైపు కూడా లేదు. మరి ఆ నీరు ఎక్కడి నుంచి వచ్చిందని వెతుక్కుంటూ పోతే, ఇక్కడ చెప్పబోయే పద్ధతి అంతా ఒక్కొక్కటిగా తెలిసివచ్చింది.

తువాలు, తలుపు, బీరువా, నేల అన్నవి నాలుగు వేర్వేరు ఫిర్యాదులుగా కనిపించినా, వాటన్నిటి వెనుకా ఉన్నది ఇంటి గాలిలో పేరుకుపోయి, బయటికి దారి దొరకని నీరే. అందువల్ల మరక తుడవడానికో, వాసన పోవడానికి ఏదైనా చల్లడానికో పూనుకునే ముందు, ఆ నీరు ఎక్కడ పుడుతోంది, ఎక్కడ చల్లబడి తేలుతోంది, దాన్ని ఎటు పంపాలి అన్న మూడు సంగతులు తేల్చుకోవాలి.

గాలి మోయగల నీటి లెక్క

గాలి వేడిగా ఉన్నప్పుడు ఎక్కువ నీటి ఆవిరిని మోస్తుంది, చల్లబడితే ఆ శక్తి తగ్గుతుంది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటిని ఆవిరి రూపంలో పట్టి ఉంచగలదు; 20 డిగ్రీల వద్ద అది సుమారు 17 గ్రాములకు, 10 డిగ్రీల వద్ద సుమారు 9 గ్రాములకు పడిపోతుంది. వాతావరణ వార్తల్లో వినిపించే సాపేక్ష ఆర్ద్రత అంటే, ఆ ఉష్ణోగ్రత వద్ద గాలి మోయగలిగిన దానిలో ఇప్పుడు ఎంత శాతం మోస్తోందన్న లెక్క మాత్రమే. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు బయట చెమట పట్టడం అందరూ చూసినదే. 25 డిగ్రీల వేడి, 60 శాతం ఆర్ద్రత ఉన్న గదిలో 16 డిగ్రీలకు చల్లబడిన వస్తువు ఏది ఉన్నా దానిమీద గాలిలోని నీరు బొట్లుగా తేలుతుంది. బీరువా వెనుక గోడకు జరిగింది కూడా ఇదే. గదిలోని వెచ్చటి గాలి ఆ సందులోకి పోతుంది గాని అక్కడ తిరగదు. వెలుపలి గోడ కనుక అది చల్లగా ఉంటుంది. తేలిన కొద్దిపాటి చెమ్మ ఆరే అవకాశం లేక బూజుకు నెలవవుతుంది.

ఇంట్లో నీరు పుట్టే చోట్లు మనం అనుకునే దానికంటే ఎక్కువ. నిద్రపోతున్న మనిషి ఊపిరి ద్వారా, చర్మం ద్వారా గంటకు సుమారు 40 గ్రాముల నీటిని వదులుతాడు; ఇద్దరు ఎనిమిది గంటలు పడుకుంటే అరలీటరు దాటుతుంది. మూత పెట్టని గిన్నె నుంచి, వేడినీటి స్నానం నుంచి వచ్చేది దానికి అదనం. వీటన్నిటినీ మించినది గదిలో ఆరేసిన బట్టలు. యంత్రంలో పిండిన తర్వాత కూడా ఒక వాయి బట్టల్లో దాదాపు రెండు లీటర్ల నీరు మిగిలి ఉంటుంది. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న గదిలో 36 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. 25 డిగ్రీల వద్ద ఆ గాలి మొత్తం కలిపి మోయగలిగిన నీరు సుమారు 830 గ్రాములు. తలుపులు, కిటికీలు మూసిన గదిలో రెండు లీటర్ల నీరున్న బట్టలు ఆరవని చెప్పడానికి ఈ లెక్క ఒక్కటే చాలు. ఒకవేళ అవి ఆరినా ఆ నీరు గోడల్లోకి, పరుపుల్లోకి, పుస్తకాల్లోకి పోయి ఉంటుంది.

ముందు కొలవాలి

చేతికి తగిలే చల్లదనాన్ని బట్టి, వాసనను బట్టి వేసే అంచనాలు తప్పుతాయి, ఎందుకంటే మన ముక్కు పది నిమిషాల్లో వాసనకు అలవాటు పడిపోతుంది. వేడినీ ఆర్ద్రతనూ కలిపి చూపించే చిన్న హైగ్రోమీటర్ ఒకటి ఇంట్లో ఉంటే సగం వాదనలు అక్కడే ముగుస్తాయి. దాన్ని కిటికీ పక్కనో, ఫ్యాను కిందనో, వంటింటి పొయ్యి దగ్గరో కాకుండా గది మధ్యభాగంలో, మనిషి ఛాతీ ఎత్తున ఉంచి అరగంట ఆగి చదవాలి. ఆర్ద్రత 60 శాతానికి లోపు ఉంటే బూజుకు పెద్దగా అవకాశం ఉండదు, 50కి దగ్గరగా ఉంటే మరీ మంచిది. 70 శాతం దాటి రోజుల తరబడి నిలిచిందంటే మాత్రం ఎక్కడో ఒక మూల బూజు మొదలై ఉంటుందని అనుకుని వెతకడం మంచిది.

చవకగా దొరికే ఈ సాధనాలు కొన్నిసార్లు అయిదారు శాతం తప్పు చూపిస్తాయి. దాన్ని సరిచూసుకునే తేలికైన మార్గం ఒకటి ఉంది. ఒక సీసా మూతలో మామూలు ఉప్పు వేసి, ఉప్పు కరిగిపోకుండా తడి ఇసుకలా అయ్యేంతవరకే చుక్కలు చుక్కలుగా నీరు కలపాలి. ఆ మూతనూ హైగ్రోమీటర్‌నూ గాలి చొరబడని సంచిలో ఒకదానికొకటి తగలకుండా ఉంచి, మూతి బిగించి, ఎండ పడని చోట రాత్రంతా వదిలేయాలి. తడి ఉప్పు ఉన్న మూసిన చోట ఆర్ద్రత 75 శాతం దగ్గర స్థిరపడుతుంది. ఉదయం మీ సాధనం 70 చూపిస్తే, అది ఎప్పుడూ అయిదు తక్కువ చూపిస్తోందని గుర్తించి, వెనుకవైపు చిన్న కాగితం మీద ఆ సంగతి రాసి అంటించాలి. తేమను కొలవడానికి ఒకప్పుడు మనిషి తల వెంట్రుకను కూడా వాడారు. తేమ పెరిగితే వెంట్రుక సాగుతుందన్న గుణాన్ని ఆధారం చేసుకుని జెనీవా శాస్త్రవేత్త ఒరాస్ బెనెడిక్ట్ ద సోస్యూర్ తయారుచేసిన సాధనాన్ని 1783లో లోకానికి వివరించాడు. వానరోజున దువ్వెనకు లొంగని జుట్టు, చౌకట్టులో పట్టేసే తలుపు ఒకే సంగతిని చెబుతున్నాయన్న మాట.

కిటికీ తెరవాలా, మూయాలా

ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ వాదన జరిగేది దీని మీదే, పైగా రెండు పక్షాలూ ఒక్కొక్కప్పుడు సరైనవే. బయట చల్లగా ఉండి వాన కురుస్తున్నప్పుడు, ఆర్ద్రత 100 శాతం ఉన్నా కిటికీ తెరవడం వల్ల ఇల్లు ఆరుతుంది. 10 డిగ్రీల వద్ద పూర్తిగా తడిసిన గాలిలో కూడా ఘనపు మీటరుకు 9 గ్రాముల నీరే ఉంటుంది. అది లోపలికి వచ్చి 22 డిగ్రీలకు వేడెక్కితే దాని ఆర్ద్రత 50 శాతం కంటే తక్కువకు దిగుతుంది. బయట ఉక్కగా ఉన్నప్పుడు మాత్రం లెక్క తలకిందులవుతుంది. 30 డిగ్రీల వేడి, 80 శాతం ఆర్ద్రత ఉన్న గాలిలో ఘనపు మీటరుకు 24 గ్రాముల నీరు ఉంటుంది, 24 డిగ్రీలకు చల్లబడిన గదిలో అంత నీటికి చోటు లేదు. "గాలి ఆడనీ" అని ఆ సమయంలో కిటికీ తెరిస్తే, మిగిలిన నీరు చల్లటి నేల మీద, గోడల మీద తేలుతుంది. నేల లోపలి నుంచి నీరు ఊరుతోందని చాలామంది భయపడేది ఇలాంటి రోజునే.

తేల్చుకోవడానికి సులువైన గుర్తు డ్యూ పాయింట్. వాతావరణం చూపించే ఫోన్ యాప్‌లలో చాలావాటిలో అది ఉంటుంది; గాలి ఎన్ని డిగ్రీలకు చల్లబడితే అందులోని నీరు బొట్లు కట్టడం మొదలవుతుందో ఆ అంకె చెబుతుంది. లోపలి వేడి, ఆర్ద్రత మీ సాధనంలో చూసి, ఆ రెండు అంకెలనూ ఏదైనా డ్యూ పాయింట్ లెక్క చూపే పేజీలో వేస్తే లోపలి అంకె తెలుస్తుంది. బయటి అంకె లోపలి అంకె కంటే తక్కువగా ఉంటే కిటికీలు బార్లా తెరవవచ్చు. ఎక్కువగా ఉంటే మూసి ఉంచి, వంటింట్లోనూ స్నానాల గదిలోనూ పుట్టే ఆవిరిని మాత్రం ఎగ్జాస్ట్ ఫ్యాన్‌తో అక్కడికక్కడే బయటికి పంపాలి. తెరిచేటప్పుడు ఒక కిటికీ ఓరగా రోజంతా వదిలేయడం కంటే, ఎదురెదురుగా ఉన్న రెండు కిటికీలను పది పదిహేను నిమిషాలు పూర్తిగా తెరిచి గాలి మొత్తం మారేలా చేయడం ఎక్కువ ఫలితమిస్తుంది.

బట్టలు

ముసురులో ఇంటి పనంతటిలోకీ విసిగించేది బట్టలు ఆరేయడమే. వాటి వాసన గురించి ముందుగా ఒక మాట చెప్పాలి. ఉతికిన బట్టకు వచ్చే ఆ ముక్కిపోయిన వాసన వాన వాసన కాదు, సబ్బు చాలకపోవడమూ కాదు. 2012లో జపాన్ పరిశోధకులు ఈ వాసనకు ప్రధాన కారణం మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ అనే బ్యాక్టీరియా అని గుర్తించారు. ఇది నూలు పోగుల్లో మిగిలిన చెమట, జిడ్డు తింటూ, బట్ట తడిగా ఉన్నంతసేపూ పెరుగుతుంది. కాబట్టి ఆదా చేయవలసింది సమయాన్ని. బట్ట ఎంత తొందరగా ఆరితే అంత తక్కువ వాసన. సబ్బుపొడి ఎక్కువ వేస్తే అది పూర్తిగా జాడించుకుపోక పోగుల్లో నిలిచి ఆ బ్యాక్టీరియాకే సాయపడుతుంది.

ఉతకడం పూర్తయ్యాక యంత్రంలో ఇంకొకసారి పిండించడం, గదిలో ఎన్ని గంటలు ఫ్యాను తిప్పినా రాని ప్రయోజనాన్నిస్తుంది, ఎందుకంటే పిండిన నీరు కాలువలోకి పోతుంది గాని గాలిలోకి రాదు. చేత్తో ఉతికిన బట్టను పొడి తువాలులో చాపలా చుట్టి గట్టిగా నొక్కితే తువాలు గణనీయంగా నీరు పీలుస్తుంది. ఉతికిన బట్టలను యంత్రంలో ఉంచి మరచిపోకూడదు. యంత్రం తలుపు, సబ్బుపొడి వేసే అర వాడని సమయంలో తెరిచే ఉంచాలి, తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడతను వేలికి గుడ్డ చుట్టి లోపలిదాకా తుడవాలి. అక్కడ నల్లటి జిగురు కనిపిస్తే మీ బట్టల వాసనకు సగం కారణం దొరికినట్టే.

ఆరేసేటప్పుడు ఇల్లంతటికీ తడి పంచకుండా ఒక్క గదిని ఎంచుకోవాలి. ఎగ్జాస్ట్ ఫ్యాను ఉన్నదో, బయటికి తెరుచుకునే కిటికీ ఉన్నదో అయితే మేలు. మిగతా ఇంటివైపు తలుపు మూసి, కింద వేలెడు సందు మాత్రం ఉంచాలి, ఎందుకంటే లోపలికి గాలి వచ్చే దారి లేకపోతే ఎగ్జాస్ట్ ఫ్యాను ఊరికే తిరుగుతుంది. దండెం మీద బట్టకూ బట్టకూ మధ్య అరచేయి పట్టేంత ఎడం ఉండాలి. రెండు మడతలుగా వేలాడే బట్ట, ఒక పొరగా వేలాడే బట్ట కంటే చాలా ఆలస్యంగా ఆరుతుంది. అందుకని దుప్పటిని రెండు దండేల మీద పందిరిలా పరచాలి, ప్యాంటును లోపలిపక్క బయటికి తిప్పి, నడుము భాగం గుండ్రంగా తెరుచుకునేలా క్లిప్పులు పెట్టాలి. ఫ్యాను గాలి బట్టల పక్కనుంచి పోయేలా ఉంచాలి. ఫ్యాను గాలిలోని నీటిని తగ్గించదు. బట్టను అంటిపెట్టుకుని ఉన్న తడి గాలిని తోసి, కొత్త గాలికి చోటిస్తుంది. అందువల్లనే కిటికీ గాని, ఎగ్జాస్ట్ గాని, తేమ లాగే యంత్రం గాని లేని గదిలో ఫ్యాను మొదటి గంట బాగా పనిచేసి తరువాత చతికిలబడుతుంది.

అప్పటికే వాసన పట్టేసిన తువాళ్లను మళ్లీ మళ్లీ చల్లనీటిలో ఉతకడం వృథా. బట్ట తట్టుకుంటుందన్న గుర్తు లేబుల్ మీద ఉంటే, 60 డిగ్రీల వేడినీటిలో ఉతకాలి. బట్టను మెత్తబరిచే ద్రవాన్ని తువాళ్లకు వాడకపోవడమే మంచిది, అది పోగుల మీద పొరలా పరుచుకుని నీరు పీల్చే గుణాన్ని తగ్గిస్తుంది. ఇక మంచం మీద తడి తువాలు గొడవకు ఉపదేశం కంటే కొయ్య మేలు. ఒక్క కొక్కేనికి నలుగురి తువాళ్లు వేలాడితే ఏదీ ఆరదు, అప్పుడు ఎవరైనా మంచం మీదనో కుర్చీ మీదనో వేస్తారు. మనిషికొక అడ్డ కొయ్య, తువాలు పూర్తిగా పరుచుకునేంత వెడల్పుతో, గాలి తగిలే చోట బిగిస్తే ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తరు. మా ఇంట్లో అలాగే జరిగింది.

గోడ చెమ్మ ఎటువైపుది

గోడ మీద తడి మచ్చ కనిపించగానే రంగు వేయించకూడదు. ఆ నీరు గది గాలి నుంచి తేలిందా, గోడ లోపలి నుంచి వస్తోందా అన్నది ముందు తెలియాలి, రెండింటికీ మందు వేరు. అరచేతికి రెండింతల అల్యూమినియం రేకు ముక్కను మచ్చ మీద పరిచి, నాలుగు అంచులనూ గాలి పోకుండా టేపుతో అంటించి ఒకటి రెండు రోజులు వదిలేయాలి. గోడ తడిగా ఉండి టేపు అంటకపోతే ఆ చోటును హెయిర్ డ్రయర్‌తో కాస్త ఆరబెట్టి అంటించవచ్చు. తరువాత రేకు పైభాగం, అంటే గదివైపు, చెమర్చి ఉంటే అది గాలిలోని తేమే. గాలి మార్చడం, బీరువా జరపడం వంటివి చేస్తే సరిపోతుంది. రేకు తీసి చూసినప్పుడు గోడవైపు తడి ఉంటే నీరు లోపలి నుంచి వస్తోంది. అది వెలుపలి బీటలోంచో, కిటికీ చట్రం పక్కనుంచో, పగిలిన పైపు నుంచో, నేల నుంచి పైకి పాకుతూనో రావచ్చు. నేల నుంచి పాకే చెమ్మ సాధారణంగా మీటరు ఎత్తు లోపలే ఆగి, పై అంచున అలగీతలాంటి గుర్తునూ తెల్లటి ఉప్పు పొరనూ విడిచిపెడుతుంది. ఆ గోడకు లోపలివైపు ఎన్ని పూతలు పూసినా పెచ్చులు ఊడుతూనే ఉంటాయి. దాన్ని చూడగలిగిన పనివారిని పిలవాల్సిందే.

బీరువాను, సోఫాను, మంచం తలాపును వెలుపలి గోడ నుంచి కనీసం జానెడు దూరంలో ఉంచాలి. పక్కగదిలో ఏసీ రోజంతా నడుస్తుంటే ఆ ఉమ్మడి గోడ కూడా చల్లబడుతుందని గుర్తుంచుకోవాలి. దానికి ఇవతలి వైపు ఆనించిన బట్టల అరలో బూజు రావడానికి కారణం అదే. పొద్దున లేవగానే పక్క సర్దేయడం మంచి అలవాటుగా మనకు నేర్పుతారు గాని, ముసురులో దుప్పటి తీసి పరుపును ఒక గంట తెరిచి ఉంచడమే మంచిది, రాత్రి దేహాల నుంచి చేరిన తడి కాస్త పోతుంది. నేల మీద పరిచే పరుపునైతే రోజూ ఎత్తి నిలబెట్టాలి.

బూజు ఉన్న చోటు చదరపు మీటరులోపు ఉండి, గోడ లేదా పలక వంటి గట్టి ఉపరితలం అయితే మనమే శుభ్రం చేసుకోవచ్చు. పొడిగుడ్డతో గాని చీపురుతో గాని రాలగొట్టకూడదు, ఆ బీజాలు గదంతా ఎగురుతాయి. ఎన్95 మాస్కు, చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని, కిటికీ తెరిచి, సబ్బునీటితో తడిపి రుద్ది, మంచినీటితో తుడిచి, పూర్తిగా ఆరబెట్టాలి. బ్లీచ్ వాడేవారు దాన్ని మరుగుదొడ్డి శుభ్రం చేసే ఆమ్లంతో గాని, అమ్మోనియా ఉన్న ద్రవంతో గాని ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు. కలిపితే వెలువడే వాయువులు ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి, ఇరుకైన స్నానాల గదిలో అది ప్రాణాంతకం కూడా కావచ్చు. ఉబ్బసం ఉన్నవారిని, పసిపిల్లలను ఈ పని జరిగే గదికి దూరంగా ఉంచాలి. తడిసిన వస్తువుల మీద బూజు 24 నుంచి 48 గంటల్లో మొదలుకావచ్చు గనుక, వానజల్లు లోపలికి కొట్టి చాప తడిస్తే "రేపు చూద్దాం" అనుకోకుండా ఆ పూటే ఆరేయాలి.

స్నానాల గదిలో ఒక్క వైపర్ చాలా మేలు చేస్తుంది. స్నానం కాగానే గోడలనూ నేలనూ ఒక నిమిషం లాగి తుడిస్తే, గాలిలో చేరాల్సిన నీరు నేరుగా కాలువలోకి పోతుంది. సిలికా జెల్ పొట్లాల మీద మాత్రం అతి ఆశ పెట్టుకోకూడదు. అది తన బరువులో సుమారు మూడో వంతు నీటినే పీలుస్తుంది, అంటే వంద గ్రాముల పొట్లం ముప్పై గ్రాములకు కాస్త అటూ ఇటూగా. రోజుకు పదిసార్లు తెరిచే బీరువాలో అది ఒక్క రోజులో నిండిపోతుంది. కెమెరా, పత్రాలు, మందులు ఉంచే గట్టి మూత డబ్బాలో అయితే నెలల తరబడి పనిచేస్తుంది.

పట్టేసిన తలుపు

తలుపు పట్టేయగానే వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించడం చాలామంది చేసే పొరపాటు. కొయ్య నీరు తాగితే పేళ్లకు అడ్డంగా ఉబ్బుతుంది, పొడవునా దాదాపు పెరగదు. అందుకే తలుపు వెడల్పు పెరిగి చౌకట్టుకు రాసుకుంటుంది గాని ఎత్తు అంతగా మారదు. తలుపు పక్క అంచు పొడవునా సుద్దముక్క రాసి, ఒకసారి మూసి తెరిస్తే, సుద్ద చెరిగిన చోటే రాసుకుంటున్న చోటు. చెరుగుడు అంచు పొడవునా ఉంటే అది కొయ్య ఉబ్బడమే. తాళం వైపు పై మూలన మాత్రమే చెరిగి, కింది మూల నేలకు ఈడుస్తూ ఉంటే పై బందు మరలు వదులయ్యాయన్న మాట. మరలు బిగిస్తే అయిదు నిమిషాల్లో తలుపు దారికి వస్తుంది. మర బిగియకుండా రంధ్రంలో ఊరికే తిరుగుతుంటే, సన్నటి వెదురు పుల్లలను జిగురు రాసి ఆ రంధ్రంలో దిగ్గొట్టి, ఆరాక మళ్లీ బిగించాలి.

నిజంగానే ఉబ్బిన తలుపుకు ముసురు ఉన్నన్నాళ్లు కొవ్వొత్తి గాని పొడి సబ్బు గాని రాసే చోట రుద్దితే జారుతుంది. తప్పనిసరిగా తీయాల్సి వస్తే గరుకు కాగితంతో, అంచుకూ చౌకట్టుకూ మధ్య మందపాటి కాగితం ముక్క దూరేంత మాత్రమే తీయాలి, లేకపోతే ఎండలు రాగానే ఆ సందులోంచి వెలుతురు కనిపిస్తుంది. అసలు లోపం తరచూ తలుపు నెత్తిన ఉంటుంది. ఎవరి కంటికీ కనిపించని పై అంచుకు, కింది అంచుకు చాలా ఇళ్లలో రంగు వేయరు. అక్కడే నిలువు చెక్కల పేళ్ల కొసలు తెరుచుకుని ఉంటాయి, కొయ్య నీటిని అన్నిటికంటే తేలికగా తాగేది ఆ కొసల నుంచే. కుర్చీ ఎక్కి పై అంచు మీద వేలు పెట్టి చూడండి. గరుకుగా, పచ్చి కొయ్యలా తగిలితే ప్రతి ఏడూ తలుపు ఎందుకు పట్టేస్తోందో తెలిసిపోతుంది.

మనుషుల సంగతి

చెమట ఆవిరవుతూ ఒంటి వేడిని తీసుకుపోవడమే మన చల్లదనానికి ఆధారం. గాలి నిండుగా నీటితో ఉంటే ఆ ఆవిరవడం జరగదు. అమెరికా జాతీయ వాతావరణ సేవ వాడే ఉష్ణ సూచిక ప్రకారం 32 డిగ్రీల వేడిలో ఆర్ద్రత 40 శాతం ఉంటే ఒంటికి తెలిసేది దాదాపు అంతే వేడి. 70 శాతం ఉంటే 41 డిగ్రీలలా తోస్తుంది. ఉక్కపోతలో ఇంట్లోవారు చిరాకుపడితే, నిద్ర చాలక మాట విసిరితే, దానిలో కొంత ఈ తొమ్మిది డిగ్రీలదని తెలుసుకోవడం నాకు మాత్రం చాలా మేలు చేసింది. ఇస్త్రీ, బూజు తుడవడం వంటి ఒళ్లు వేడెక్కే పనులను తెల్లవారుజామునకు మార్చుకోవాలి. ఏసీ ఉంటే చల్లదనం కోసం కాకపోయినా తేమ లాగడానికి డ్రై మోడ్‌లో కొంతసేపు నడపవచ్చు, ఆ సమయంలో తలుపులు మూసి ఉండాలి.

ఎండ వచ్చిన మొదటి గంటలో తొందరపడి అన్నీ బయట వేయకూడదు, తడిసిన నేల నుంచి లేచే ఆవిరితో ఆ గాలి ఇంకా బరువుగానే ఉంటుంది. మధ్యాహ్నానికి బయటి డ్యూ పాయింట్ దిగిందో లేదో చూసి, అప్పుడు బీరువాలు గోడకు దూరంగా లాగి, అరల తలుపులన్నీ తెరిచి, పరుపులు నిలబెట్టి, ఎదురెదురు కిటికీలు తీయాలి. వాన వెలిసిన గంటలో మట్టి నుంచి వచ్చే కమ్మటి వాసనకు 1964లో ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పెట్రికోర్ అని పేరు పెట్టారు. దానిలోని మట్టి వాసనకు కారణమైన జియోస్మిన్‌ను మన ముక్కు అతి స్వల్ప మోతాదులో కూడా పసిగడుతుంది. బయట అది ఎంత ఇంపుగా ఉన్నా, అలాంటి మట్టివాసన బీరువా లోపలి నుంచి వస్తే మాత్రం అన్ని బట్టలూ తీసి వెనుక పలకను చూడాలి.

పొడి వాతావరణం కొన్ని వారాలు నిలిచాక గోడకు రేకు పరీక్ష మళ్లీ చేసి, వెనుక తడి లేదని తేలాకే బీటలు పూడ్పించి రంగు వేయించాలి, తడి గోడ మీద వేసిన రంగు ఉబ్బి రాలుతుంది. డాబా మీద నీరు పోయే గొట్టాల్లో ఆకులు తీయించాలి. తలుపు కూడా అప్పటికి తన అసలు కొలతకు వచ్చి ఉంటుంది. దాన్ని బందుల నుంచి ఊడదీసి, పై అంచునూ కింది అంచునూ గరుకు కాగితంతో నున్నగా చేసి, రెండు పూతల రంగు వేసి, ఒక పూత పూర్తిగా ఆరాకే రెండోది వేసి, మళ్లీ బిగించాలి.